రేస్ ఇస్తే కారు అర సెకను ఆగుతోంది: స్కానర్ రివ్యూ, దాంతోపాటు నేను చేసిన పాడు పని

నమస్తే అందరికీ, నల్లగొండ నుంచి మాట్లాడుతున్నా. ముందే చెప్పేస్తున్నా, నా చేతిలో ఉన్న ఈ స్కానర్, అంటే కారు కంప్యూటర్ పట్టుకున్న లోపాల కోడ్లు ఫోన్‌లో చూపించేది, నేను కొన్నది కాదు, అమ్మేవాళ్లే ఫ్రీగా పంపారు. వీడియోకి డబ్బులేమీ ఇవ్వలేదు, కానీ బాక్సులో "మంచిగా చెప్పండి సార్" అని ఒక చీటీ పెట్టారు. చూద్దాం, ఎంత మంచిగా చెప్పగలనో.

బాక్సులో ఏముంది, బ్లూటూత్ ఏ వెర్షన్, ఇవన్నీ ఈపాటికి మీరు పది వీడియోల్లో చూసే ఉంటారు. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, దానికి గుచ్చాలి, ఫోన్‌లో యాప్ తెరవాలి, అంతే. నిజం చెప్పాలంటే ఇది వచ్చి రెండు నెలలైంది, టేబుల్ మీద దుమ్ము పట్టి ఉంది. నా కారును నేనే పాడు చేసుకున్న తర్వాతే దీని అవసరం తెలిసింది.

నాది 2014 మోడల్ పెట్రోల్ కారు. ఎయిర్ ఫిల్టర్ మార్చి, ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ క్లీన్ చేద్దామని ఒక ఆదివారం పొద్దున బానెట్ ఎత్తాను. షెడ్డుకు వెళ్తే సాయంత్రం దాకా కూర్చోబెడతారని నా బాధ. క్లిప్పులు విప్పా, స్ప్రే కొట్టా, నల్లగా పట్టిన మడ్డంతా తుడిచా, మస్తు ఖుషీ అయ్యా. థ్రాటిల్ బాడీ పక్కన, ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ గాలి దారిలోకి పంపే ఒక బ్రీదర్ పైపు మాత్రం ఎంతకీ ఊడి రాలేదు, గట్టిగా గుంజితే వచ్చింది. మళ్లీ అలాగే నొక్కి పెట్టేశా.

మరుసటి రోజు గడియారం సెంటర్‌లో ఫస్ట్ గేరేసి రేస్ ఇస్తే బండి కదలదు. అర సెకను ఆగి, ఎవరో వెనక నుంచి తోసినట్టు ఒక్కసారి ముందుకు దూకుతుంది. వెనకాల ఆటో అతను హారన్. మిర్యాలగూడ రోడ్డు మీద 70లో వెళ్తుంటే మాత్రం ఏ రోగమూ లేదు. ఆగి మళ్లీ కదిలితే అదే జర్క్. తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్తే నవ్వి, "అన్నా, మీరే ఇప్పిండ్రు కదా, ఏం ముట్టుకున్నరో మీకే ఎరుక" అన్నాడు. అప్పుడు కోపం వచ్చింది కానీ ఆ మాటలోనే జవాబు ఉంది. నేను అది వదిలేసి నాలుగు ప్లగ్గులు కొని మార్చా. పెట్రోల్‌లో నీళ్లు కలిశాయేమోనని బంకు కూడా మార్చా. ఏమీ తేడా లేదు, డబ్బులు మాత్రం పోయాయి.

రెండు రోజులకు చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. అప్పుడు ఈ స్కానర్ గుర్తొచ్చింది. గుచ్చగానే పీ0171 అని కోడ్ చూపించింది, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలికి తగ్గ పెట్రోల్ లేదు, మిశ్రమం పల్చగా ఉందని. ఈ కోడ్ చూసి కొందరు నేరుగా, ఇంజిన్ పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. పాపం ఆ సెన్సర్ ఉన్న సంగతి చెప్పింది, అంతే.

ఇక్కడ నాకు ఈ యాప్ మీద మంట. కోడ్ చదివే బటన్, కోడ్ చెరిపేసే బటన్ పక్కపక్కనే పెట్టారు, రెండూ ఒకే రంగు. బొటనవేలు జారి చెరిపేసేది నొక్కాను. "నిజంగా చెరపాలా?" అని ఒక్క మాట కూడా అడగలేదు. లైట్ ఆరిపోయింది, మా ఇంట్లోవాళ్లు "బాగైందా?" అన్నారు. బాగవడం కాదు, కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేడి ఎంత, ఆర్‌పీఎమ్ ఎంత, లోడ్ ఎంత అని కారు కంప్యూటర్ దాచుకున్న ఫ్రీజ్ ఫ్రేమ్ మొత్తం పోయింది. ఆ లోపాన్ని సర్దుకోవడానికి కంప్యూటర్ నేర్చుకున్న లెక్క కూడా పోయింది. దాంతో బండి ముందుకంటే ఎక్కువ జర్క్ కొట్టడం మొదలుపెట్టింది. రెండు రోజులు ఊళ్లో తిప్పితే గానీ ఆ లెక్క మళ్లీ కుదురుకోలేదు. బంగారం లాంటి సాక్ష్యాన్ని ఒక వేలితో చెరిపేసే బటన్ అంత సులువుగా ఎవరు పెడతారండీ? మీరు కొంటే మొదట స్క్రీన్‌షాట్ తీయండి, ఆ తర్వాతే ఇంకోదాన్ని ముట్టుకోండి.

సరే, తిట్టడం అయింది. ఇప్పుడు దీంట్లో నాకు నచ్చినదాని గురించి, కొంచెం ఎక్కువే మాట్లాడతా, ఓపిక పట్టండి. లైవ్ గ్రాఫ్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అని ఉంటుంది, షార్ట్ ఒకటి, లాంగ్ ఒకటి. కంప్యూటర్ తన లెక్క కంటే ఎంత పెట్రోల్ ఎక్కువ పోస్తోందో, ఎంత తగ్గిస్తోందో శాతంలో చూపిస్తుంది. షార్ట్ అంటే ఈ క్షణంలో చేస్తున్న సర్దుబాటు, లాంగ్ అంటే కొన్నాళ్లుగా అలవాటైనది. సున్నాకు అటూ ఇటూ పది లోపు ఉంటే సాధారణంగా కంగారు లేదు. నాది స్లో స్పీడ్‌లో, అంటే రేస్ ఇవ్వకుండా ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు, లాంగ్ ట్రిమ్ ప్లస్ 19. బండిని అలాగే నిలబెట్టి, రేస్ ఇచ్చి 2500 ఆర్‌పీఎమ్ పట్టుకుంటే మెల్లగా దిగి 5 దగ్గర నిలబడింది.

అసలు కథ ఈ రెండు అంకెల మధ్య ఉంది. ట్యాంకులోంచి ఇంజిన్‌కు పెట్రోల్ తోసే పంపు బలహీనమైనా, పెట్రోల్ ఫిల్టర్ మూసుకుపోయినా రేస్ పెంచేకొద్దీ ఈ అంకె పెరగాలి, ఎందుకంటే అప్పుడే పెట్రోల్ ఎక్కువ కావాలి. నాది తలకిందులుగా ఉంది. స్లో స్పీడ్‌లో థ్రాటిల్ మూసి ఉంటుంది కాబట్టి లోపల గుంజుడు ఎక్కువ, ఎక్కడ చిన్న కన్నం ఉన్నా అక్కణ్ణుంచి దొంగ గాలి లాగుతుంది. రేస్ ఇస్తే అసలు దారిలోంచే బోలెడంత గాలి వస్తుంది, దాని ముందు ఆ దొంగ గాలి ఏపాటిదీ కాదు. అంటే గాలి కొలిచే సెన్సర్ దాటిన తర్వాత ఎక్కడో లీకుంది, అందుకే ఆ గాలి దాని కొలతకు అందక పెట్రోల్ చాలడం లేదు. ఎక్కడ? నేను ముట్టుకున్న చోటే ఉండాలి కదా!

మా మేనల్లుడి చేతికి ఫోన్ ఇచ్చి అంకెలు చదవమన్నా. నోస్ ప్లయర్‌కు గుడ్డ చుట్టి, ఇంజిన్ నడుస్తుండగానే ఒక్కో రబ్బరు పైపు మెల్లగా నొక్కుతూ పోయా, బెల్టుకూ ఫ్యానుకూ చెయ్యి దూరంగా పెట్టుకుని. మొదటి పైపు, "అంతే ఉంది మామా." రెండోది, "అంతే." బ్రీదర్ పైపు నొక్కానో లేదో షార్ట్ ట్రిమ్ మైనస్ 14కి పడిపోయింది, అంటే దొంగ గాలి ఆగి కంప్యూటర్ పెట్రోల్ తగ్గిస్తోంది. వాడు "మామా, కింద పడ్డది!" అని అరిచాడు. ఫోనే కింద పడిందనుకుని నా గుండె ఆగినంత పనైంది.

పైపు విప్పి తిప్పి చూస్తే పైభాగం బాగానే ఉంది, కింది వైపు, నోజిల్‌కు ఆనుకునే చోట, గోరంత పొడవు చీలిక. ఎండాకాలం 44, 45 డిగ్రీలు చూసే ఊరు మనది, పైగా బానెట్ కింద వేడి, రబ్బరు బిస్కెట్ లాగా అయిపోయి ఉంది, దాన్ని పట్టి గుంజింది నేను. కొత్త పైపు, కొత్త క్లిప్ వేశా. నార్కట్‌పల్లి దాకా వెళ్లి, హైవే ఎక్కి, పంతంగి టోల్ వరకూ పోయి వచ్చా. ఇప్పుడు స్లో స్పీడ్‌లో ట్రిమ్ ప్లస్ 3. జర్క్ లేదు.

ఇంతకుముందు నా దగ్గర నీలం రంగు చవక స్కానర్ ఒకటి ఉండేది. దాంట్లో అంకె మారడానికి రెండు సెకన్లు పట్టేది. అర సెకను వచ్చి పోయే రోగాన్ని అది ఏం పట్టుకుంటుంది? ఇది రెండే అంకెలు ఎంచుకుంటే సెకనుకు ఐదారుసార్లు చూపిస్తోంది. పది అంకెలు పెడితే ఇదీ మెల్లగానే నడుస్తుంది, అందుకని పిల్లాడు మిఠాయి కొట్టుకెళ్లినట్టు అన్నీ టిక్ పెట్టకండి.

రెండు మాటలు మాత్రం వినండి. మీ కారులో గాలి కొలిచే మాఫ్ సెన్సర్ కాకుండా మ్యాప్ సెన్సర్ ఉంటే ఈ పరీక్ష ఇంత స్పష్టంగా తేలకపోవచ్చు. అది లోపలి ఒత్తిడి చూసి పెట్రోల్ పోస్తుంది కాబట్టి దొంగ గాలినీ లెక్కలో కలిపేసుకుంటుంది, స్లో స్పీడ్ పెరిగి మాత్రం కనిపిస్తుంది. డీజిల్ వాళ్లకు ఈ ట్రిమ్ కథే వర్తించదు. ఇంకోటి, ఎలక్ట్రానిక్ థ్రాటిల్ క్లీన్ చేశాక కొన్ని కార్లకు ఐడిల్ రీలెర్న్, అంటే కంప్యూటర్‌కు స్లో స్పీడ్ మళ్లీ నేర్పించడం, చేయాలి, అది దీంతో కాదు. బాక్సు మీద "ఫుల్ సిస్టమ్" అని రాశారు, ఆ మాట కొట్టేయాలి.

కొనాలా అంటే, పెట్రోల్ కారుండి, సొంతంగా బానెట్ ఎత్తే దురద ఉన్నవాళ్లు కొనండి. ఆ దురద లేనివాళ్లకు ఎందుకు? ఆ చెరిపేసే బటన్ మార్చేదాకా నేను పదికి ఏడు కంటే ఎక్కువ ఇవ్వను, గ్రాఫ్ లేకపోతే మూడు కూడా దండగే. పని అయ్యాక పీకి పెట్టుకోండి, నేను నాలుగు రోజులు గుచ్చి వదిలేస్తే బ్యాటరీ డౌన్ అయి పొద్దున్నే ఇద్దర్ని పిలిచి తోయించాల్సి వచ్చింది.

ప్లగ్గులు నాలుగూ కొత్తవే, ఊరికే మార్చినవి. పాతవి డబ్బాలో ఉన్నాయి, బాగానే ఉన్నాయి.