పలకరాయి కప్పు: రంగు చూసే ముందు నీళ్లలో పెట్టి చూడండి

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఇంత ఎండలో, ఇంటి కప్పు గురించి వినడానికి వచ్చిన నల్లగొండ పెద్దలకు, సుతారి పని చేసే అన్నలకు కృతజ్ఞతలు.

ఈమధ్య ఊరి బయట ఇల్లు కట్టుకునేవాళ్లు చాలామంది వాలు కప్పు వేసి, పైన సహజమైన పలకరాయి పరిపించుకోవాలని అడుగుతున్నారు. మంచి కోరికే. కానీ అందరూ ముందుగా అడిగేది ‘ఏ రంగు బాగుంటుంది?’ అని. అది ఆఖరున చూసుకోవచ్చు. రాయి నీళ్లు తాగుతుందా, తాగదా? ముందు ఆ సంగతి తేలాలి.

బడిలో మనం రాసిన పలక గుర్తుందా? బలపంతో రాసి, దొండాకు రుద్ది, నీళ్లు చల్లి కడిగేవాళ్లం. గాలికి నాలుగుసార్లు ఊపితే ఆరిపోయేది. నీళ్లు పైపైనే ఉండేవి కాబట్టి అంత త్వరగా ఆరేది. పొరలుగా పేరుకున్న బురద భూమి లోపలి ఒత్తిడికి, వేడికి గట్టిపడి ఈ రాయి అయింది. ఆ ఒత్తిడి వల్లే ఉలితో కొడితే రేకుల్లా విడిపోతుంది. శ్రీశైలం ఘాట్ దిగి దోర్నాల దాటాక వచ్చే మార్కాపురానికి పలకల ఊరుగా పేరొచ్చింది ఈ రాయితోనే.

మన ఇళ్లలో పరిచే తాండూరు బండ, షాబాద్ బండ వేరు. అవి సున్నపురాళ్లు. బాత్రూం కడిగే యాసిడ్ ఒక చుక్క వేస్తే బుసబుసమని పొంగుతాయి. మంచి పలకరాయి పొంగదు. తాండూరు, కొడంగల్ వైపు బండలతోనే కప్పిన మిద్దెలున్నాయి, అవి గట్టివే. కానీ రెండంగుళాల బండ చదరపు అడుగుకు 12 కిలోలకు పైనే తూగుతుంది. దాన్ని మోయడానికి గోడలు, దూలాలు ఆ లెక్కన కట్టాలి. ఆరు మిల్లీమీటర్ల పలకరాయి, ఒకదానిమీద ఒకటి ఎక్కించి పరిచినా, చదరపు అడుగుకు నాలుగు కిలోల లోపే. అయినా వెయ్యి అడుగుల కప్పుకు అది దగ్గరదగ్గర నాలుగు టన్నులు. రేకుల షెడ్డుకు వేసిన పైపుల మీద దీన్ని పెడతామంటే ఒప్పుకోకండి.

ఇక పరీక్ష. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, రాయినీ అట్లే కొట్టండి. ఖంగుమని మోగాలి. మొద్దుగా మోగితే లోపల పగులో, మెత్తదనమో ఉన్నట్టు. తర్వాత ఒక ముక్కను బకెట్‌లో సగం దాకా నిలబెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున తీసి తడి గీత ఎక్కడుందో చూడండి. నీళ్లున్న మట్టం దగ్గరే ఆగితే మంచి రాయి. తడి పైకి పాకితే, ఎంత అందంగా ఉన్నా దాన్ని వదిలేయండి. మేలు రకం పలకరాయి తన బరువులో అర శాతం నీళ్లు కూడా పీల్చుకోదు. అమెరికాలో పలకరాయిని మూడు తరగతులు చేస్తారు. మొదటి తరగతి 75 ఏళ్లకు పైన, మూడోది 20 నుంచి 40 ఏళ్లు నిలుస్తాయని లెక్క. రెండూ పలకరాయే, చూపుకు ఒక్కలాగే ఉండొచ్చు.

నేను మోసపోయింది ఇంకో దగ్గర. మా పోర్టికోకు తెచ్చిన రాయిలో అక్కడక్కడా ఇత్తడి పొడి చల్లినట్టు మెరుపు ఉండేది. అమ్మినాయన అదే అందమన్నాడు, నేనూ మురిసిపోయాను. రెండో వానాకాలానికి ఒక్కో మెరుపు కింద ఒక్కో తుప్పు చార దిగింది. అది ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. కొన్ని రాళ్లలో కదలకుండా ఉంటుంది, కొన్నింటిలో తడికి తుప్పు పడుతుంది. అందుకని మెరుపున్న ముక్కను రాత్రి నీళ్లలో, పగలు ఎండలో ఒక ఇరవై రోజులు పెట్టి చూడండి. కొనడం నెల ఆలస్యమైతే ఏమీ కాదు.

ఆ పోర్టికోకే మామూలు ఇనుప మేకులు కొట్టించాను. రాయి కంటే ముందు మేకులు పోయాయి. గాలివానకు పలకలు జారిపడుతుంటే, కింద పిల్లలు ఆడుకుంటుంటే ఎంత టెన్షన్ పడ్డానో! రాగి మేకులు గానీ, స్టెయిన్‌లెస్ స్టీల్ మేకులు గానీ వాడండి. మేకును మరీ బిగించకూడదు, పలక దానికి వేలాడినట్టుండాలి. వాలు అడుగుకు నాలుగంగుళాలకు తగ్గొద్దు. అంత తక్కువ వాలుంటే, పై వరుస పలక తన కింది వరుసను దాటి, ఆ కిందిదాని తలను కూడా నాలుగంగుళాలు కప్పాలి.

మన ఎండల సంగతీ చెప్పాలి. ఇక్కడ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, నల్లరాయి ఆ వేడినంతా పట్టుకుంటుంది. పలకల కింద రెండంగుళాల ఖాళీ వదిలి, చూరు దగ్గర గాలి లోపలికొచ్చి, కొప్పు దగ్గర బయటికి పోయేలా చేయించండి. ఆ ఖాళీ లేకపోతే పగలు పట్టిన వేడి రాత్రి గదిలోకి దిగుతుంది.

కోతుల గురించి అడుగుతారని తెలుసు. గూనపెంకుల్ని అవి ఎత్తి పారేసినట్టు మేకు కొట్టిన పలకను ఎత్తలేవు. కానీ దూకితే పలుచటివి పగలొచ్చు. అందుకే నూటికి ఐదారు పలకలు ఎక్కువ కొని, అదే లోడులోవి, ఇంట్లో దాచుకోండి.

ఈ బల్ల మీది బకెట్‌లో నిన్న రాత్రి నుంచి మూడు ముక్కలు నిలబెట్టి ఉన్నాయి. రాగానే చూశాను, ఒకదాని తడి నాలుగు వేళ్లు పైకెక్కింది. ఏదో నేను చెప్పను. సుతారి అన్నలు ముందు రండి, తీసి వేలితో కొట్టి చూడండి.