తోడేళ్లకు రక్షణ తొలగితే: తూము తెరవడం వేరు, కట్ట తెగడం వేరు

నమస్కారం. అమెరికాలో తోడేళ్లకు చట్టరక్షణ తొలగించారన్న వార్త వచ్చిన ప్రతిసారీ, ఇక్కడ చిత్తూరులో నా మిత్రులలో ఎవరో ఒకరు "అయితే ఇక ఎవరు పడితే వారు కాల్చుకోవచ్చన్నమాట" అని తేల్చివేస్తారు. ఈ మాట వినీ వినీ విసుగెత్తి ఈ వీడియో చేస్తున్నాను.

(తెరపై: రాయలచెరువు కట్ట, తూము, మొరవ)

తిరుపతికి దగ్గరలోని రాయలచెరువును ఒకసారి తలచుకోండి. మన వైపు ఏ చెరువుకైనా నీళ్లు పంచే నీరుగంటి ఉన్న రోజుల్లో, ఏ మడికి ఎన్నాళ్లు నీరు వదలాలో, చెరువులో ఎంత మిగిలినప్పుడు తూము మూయాలో అతనికి లెక్క ఉండేది. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్ట లీకైనప్పుడు మాత్రం కింది ఊళ్లవారిని ఇళ్లు ఖాళీ చేయించవలసి వచ్చింది. చట్టరక్షణ తొలగించడమంటే, నియమం ప్రకారం, తూమును నీరుగంటి చేతికి అప్పగించడమే తప్ప కట్టను తెగ్గొట్టడం కాదు.

అమెరికాలో 1973 నాటి అంతరించిపోతున్న జాతుల చట్టం ప్రకారం, ఒక జాతి కోలుకుందని తేలితే దానిని జాబితా నుండి తీసి, నిర్వహణను కేంద్రం రాష్ట్రాలకు అప్పగిస్తుంది. ఆ తరువాత కూడా కనీసం 5 సంవత్సరాలు దాని సంఖ్యను గమనిస్తూ ఉండాలి. 1995, 1996లలో కెనడా నుండి 31 తోడేళ్లను తెచ్చి యెల్లోస్టోన్ జాతీయ పార్కులో వదిలారు. ఐడహో రాష్ట్రంలోనూ అవే సంవత్సరాలలో మరికొన్నింటిని వదిలారు. అవి పెరిగి విస్తరించిన తరువాత, 2011లో ఐడహో, మోంటానాలలో రక్షణను ఆ దేశపు పార్లమెంటే తొలగించింది. అయితే ఒక్కో రాష్ట్రంలో తోడేళ్లు 100కు, పిల్లలు పెట్టే జంటలు 10కి తగ్గరాదన్న షరతు ఉంది. అంచు దాకా పోకుండా 150 తోడేళ్లు, 15 జంటలు ఉండేలా చూసుకోవాలని కూడా అనుకున్నారు. మన చెరువు భాషలో చెప్పాలంటే, తూము మూయవలసిన మట్టం అది.

జంటలను వేరుగా ఎందుకు లెక్కిస్తారంటే, గుంపులో సాధారణంగా ఒక్క జంటే పిల్లలను పెడుతుంది. ఆ జంటలో ఒకటి చనిపోతే గుంపు చెదిరిపోవచ్చు. చెరువులో ఏ చుక్క తీసినా ఒక్కటే. తోడేళ్లలో ఏది పోయింది, ఏ నెలలో పోయింది అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. నా పోలిక కుంటుపడేది ఇక్కడేనని ఒప్పుకుంటాను.

(తెరపై: విస్కాన్సిన్ పటం)

ఇప్పుడు కట్ట తెగిన కథ. 2021 జనవరిలో అమెరికాలో మిగిలిన చాలా ప్రాంతాలలోనూ రక్షణ తొలగింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో అప్పటికి సుమారు 1,000కి పైగా తోడేళ్లున్నాయి. కోర్టు ఆదేశంతో ఫిబ్రవరిలో హడావిడిగా వేట మొదలుపెట్టారు. చంపడానికి అనుమతించిన మొత్తం కోటా 200; అందులో 81 అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే తెగల వాటా కాగా, మిగతా వేటగాళ్లకు దక్కింది 119. తోడేలును పవిత్రంగా భావించే ఆ తెగలు తమ వాటాను వేటాడదలచుకోలేదు. ఒక్కో తోడేలుకు 20 లైసెన్సుల లెక్కన అనుమతించారు, వేట కుక్కలను వాడనిచ్చారు, పైగా నేల మీద జాడ చూపే మంచు ఉంది. చంపిన సంగతిని తెలియజేయడానికి వేటగాడికి 24 గంటలు, వేట ముగిసిందని ప్రకటించిన తరువాత అది అమలులోకి రావడానికి మరో 24 గంటలు గడువిచ్చారు. మూడు రోజులు నిండకుండానే 218 తోడేళ్లు చచ్చాయి, అదీ జంటకట్టే కాలంలో. దీనిని నేను వేటగాళ్ల దురాశగా మాత్రమే చూడను. తూము దగ్గర నుండి నీరుగంటికి కబురు అందడానికే ఒక రోజు పట్టే ఏర్పాటు చేసినవారిది అసలు తప్పు. 2022 ఫిబ్రవరిలో కోర్టు అక్కడ రక్షణను పునరుద్ధరించింది, కానీ ఐడహో, మోంటానాలున్న ఉత్తర రాకీ పర్వత ప్రాంతానికి ఆ తీర్పు వర్తించలేదు.

నిర్వహణ అంటే తుపాకీ ఒక్కటే కూడా కాదు. మన రైతులు అడవి పందుల బెడదకు వేరుశనగ చేను చుట్టూ పాత చీరలు కడతారు కదా, అక్కడి పశుపోషకులు అదే విధంగా తాడుకు ఎర్ర గుడ్డపీలికలు వేలాడదీసి మందల చుట్టూ కడతారు. తోడేలు వాటిని చూసి కొన్ని వారాలు జంకుతుంది, తరువాత అలవాటుపడుతుంది. అందుచేత కాపలా కుక్కలు, రాత్రిపూట దొడ్డి, నష్టపరిహారం కూడా తోడుండాలి.

సమయం దాటిపోతోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. లెక్క కోసం రేడియో కాలర్లు, ట్రాప్ కెమెరాలు, మంచులో అడుగుజాడలు వాడతారు. ఐరోపాలో వన్యప్రాణుల రక్షణకు దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం కింద తోడేలును "కఠిన రక్షణ" నుండి "రక్షణ" స్థాయికి దించిన మార్పు 2025 మార్చిలో అమలులోకి వచ్చింది. అక్కడ కూడా వేటను అనుమతించే దేశం తోడేళ్ల స్థితి దెబ్బతినకుండా చూడాలి. మన దేశంలో తోడేలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణనిచ్చే మొదటి షెడ్యూలులో ఉంది. 62వ సెక్షన్ కింద హానికర జంతువుగా ప్రకటించే అధికారం ఆ షెడ్యూలులోని జంతువులకు వర్తించదు. మనిషి ప్రాణానికి ప్రమాదకరంగా మారిన తోడేలునైనా, పట్టుకోవడం, మత్తిచ్చి తరలించడం సాధ్యం కావని ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి నిర్ధారించి, కారణాలు రాసి ఉత్తర్వు ఇస్తేనే చంపవచ్చు. అంటే మన తూముకు తాళం ఇంకా వేసే ఉంది.