పేరుతో పిలిచే కాలేజీలు

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

నేను ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళలో నన్ను పేరు పెట్టి పిలిచిన సారు ఒక్కరే, మిగతావాళ్ళందరికీ నేను రోల్ నంబర్ 42ని. ఇదెందుకు చెప్తున్నానంటే, అమెరికాలో నల్లజాతి వాళ్ళ కోసం పెట్టిన పాత కాలేజీలున్నాయి, హెచ్‌బీసీయూలు అంటారు, వాటిల్లో చదివినవాళ్ళ అనుభవాల మీద వచ్చిన రీసెర్చ్ ఎటునుంచి చదివినా నాకు ఆ 42 గుర్తొస్తూనే ఉంది.

తెల్లవాళ్ళ కాలేజీలు గేటు కూడా దాటనివ్వని రోజుల్లో పుట్టినవివి. వీటిల్లో చేనీ అనే కాలేజీ 1837లోనే మొదలైంది, బానిసత్వం పోయాక 1866లో ఫిస్క్, 1867లో హోవర్డ్... హోవర్డ్ అంటున్నానండీ, హార్వర్డ్ కాదు, మా బావ ఇప్పటికీ రెండూ కలిపేస్తాడు. ఇప్పుడు ఓ వంద దాకా ఉన్నాయి.

తర్వాత అన్ని కాలేజీల తలుపులూ తెరుచుకున్నాయి కదా, ఇంకా ఇవెందుకు అని మొదలైంది గోల. జాక్వెలిన్ ఫ్లెమింగ్ అనే సైకాలజిస్ట్ రెండు రకాల కాలేజీల్లోనూ పిల్లల్ని పరీక్షించి 1984లో చెప్పిందేంటంటే, డబ్బూ ల్యాబులూ తక్కువున్న నల్లజాతి కాలేజీల్లోనే ఆ పిల్లలు చదువులో ఎక్కువ ఎదుగుతున్నారని. అయితే ఆవిడ అక్కడితో ఆగలేదు, అక్కడ మగపిల్లలకి దొరికినంత ధైర్యం ఆడపిల్లలకి దొరకట్లేదని కూడా రాసింది, పొగిడేవాళ్ళు ఈ ముక్క మాత్రం మింగేస్తారు.

2015లో గాలప్ అనే సర్వేల సంస్థ చేసిన సర్వే వచ్చింది. ‘నన్ను ఒక మనిషిగా పట్టించుకున్న ప్రొఫెసర్లున్నారు’ అని గట్టిగా చెప్పిన నల్లజాతి గ్రాడ్యుయేట్లు హెచ్‌బీసీయూల్లో 58 శాతం, వేరే కాలేజీల్లో చదివినవాళ్ళలో 25. ఎంత తేడా చూడండి! కానీ ఒక్క నిమిషం, వీళ్ళంతా డిగ్రీ చేతికొచ్చినవాళ్ళు, ఫీజు కట్టలేక మధ్యలో మానేసినవాళ్ళని ఎవరూ అడగలేదు. నన్నడిగితే అసలు రీసెర్చ్ అక్కడ మొదలవ్వాలి.

పట్టించుకోవడం అంటే భుజం తట్టడం ఒక్కటే అనుకోకండి. న్యూ ఆర్లీన్స్‌లో జేవియర్ అని చిన్న యూనివర్సిటీ ఉంది, పెద్ద పెద్ద యూనివర్సిటీల్ని దాటి అది ఏళ్ళ తరబడి మెడికల్ కాలేజీలకి అందరికన్నా ఎక్కువమంది నల్లజాతి పిల్లల్ని పంపింది. ఏం చేశారయ్యా అంటే, కెమిస్ట్రీకి లెక్చరర్లే కూర్చుని వర్క్‌బుక్కులు రాసుకున్నారు, సెక్షన్ మారినా పాఠం మారదు, పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి ఒకరికి రానిది ఇంకొకరితో చెప్పించారు, వెనకబడ్డవాణ్ణి సెమిస్టర్ చివరిదాకా వదిలేయకుండా ముందే పట్టుకుని ట్యూటరింగ్‌కి తోలారు. మన ట్యూషన్ మాస్టార్లు చేసేదేగా అనిపించొచ్చు, అంతే మరి, కాకపోతే ఇక్కడ దానికి వేరే ఫీజు లేదు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. 2021లో అదే హోవర్డ్‌లో పిల్లలు హాస్టల్ గదుల్లో బూజు పట్టిందని, పట్టించుకునేవాళ్ళు లేరని స్టూడెంట్ సెంటర్‌లో బైఠాయించారు, బయట టెంట్లు వేసుకుని పడుకున్నారు, అదీ నెల పైనే. క్లాసులో పేరుతో పిలుస్తారు, రూముకెళ్తే గోడకి బూజు. రెండూ ఒకే విద్యార్థి అనుభవం, సర్వే ఫారంలో ఏ గడిలో టిక్కు పెడతాడు పాపం.

తప్పంతా మేనేజ్‌మెంట్ల మీదకే తోసెయ్యలేం. 2023లో అమెరికా ప్రభుత్వమే 16 రాష్ట్రాల గవర్నర్లకి ఉత్తరాలు రాసింది, మీ రాష్ట్రంలో ల్యాండ్ గ్రాంట్ అనే పాత కేంద్ర చట్టం కింద నడిచే హెచ్‌బీసీయూకి మూడు దశాబ్దాలుగా రావాల్సినంత డబ్బు ఇవ్వలేదని, అన్నీ కలిపితే 12 బిలియన్ డాలర్ల పైమాటేనని. ఒక్కో విద్యార్థికి పక్కనున్న పాత తెల్లవాళ్ళ యూనివర్సిటీకి ఎంత ఇచ్చారు, దీనికెంత ఇచ్చారు అని పోల్చి తేల్చిన లెక్క అది.

సరే, నేను చాలాసేపే మాట్లాడా. ఇక మీరడగండి. అడిగేముందు పేరు చెప్పండి, రోల్ నంబర్ వద్దు.