అచ్చు తోలిన చేను, సమాంతర రేఖల సమీకరణం

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, కాగితం, పెన్ను తీసి పెట్టుకోండి. వింటూ వేస్తేనే లెక్క వస్తుంది.

మన ఒంగోలు చుట్టుపక్కల పొగాకైనా మిరపైనా నాటే ముందు చేలో అచ్చు తోలడం మీలో చాలామంది చూసే ఉంటారు. పళ్లున్న ఆ చెక్కను ఒక్కసారి లాగితే గీతలన్నీ కలిసే పడతాయి. ఒకదాన్నొకటి తాకవు. ఎందుకు తాకవు? పళ్లన్నీ ఒకే దిక్కుకు పోయాయి గనక. మరి గీతలు వేరువేరుగా ఎందుకున్నాయి? ఒక్కో పన్ను ఒక్కో చోట ఆనింది గనక. దిక్కు ఒక సంగతి, చోటు ఇంకో సంగతి. సరళరేఖ సమీకరణంలో కూడా ఈ రెండూ విడివిడిగానే కూర్చుని ఉంటాయి.

3ఎక్స్ + 4వై − 12 = 0 తీసుకోండి. దిక్కంతా ఆ 3, 4లలోనే ఉంది. వాలు, అంటే రేఖ ఎంత ఏటవాలుగా ఉందో చెప్పే సంఖ్య, −3/4. చోటు చెప్పేది చివరనున్న స్థిరపదం, −12. దాన్ని ఎంత మార్చినా రేఖ పక్కకు జరుగుతుందే గానీ వాలు మారదు. కాబట్టి దీనికి సమాంతరంగా ఉండే ప్రతి రేఖనూ 3ఎక్స్ + 4వై + కే = 0 అని రాయొచ్చు. అచ్చు గీతలన్నీ ఈ ఒక్క వరుసలో ఉన్నాయి.

ఇప్పుడు (5, 3) అనే బిందువు గుండా పోయే సమాంతర రేఖ కావాలన్నారు. ఆ బిందువును అందులో పెట్టండి. 15 + 12 + కే = 0. కే = −27. రేఖ 3ఎక్స్ + 4వై − 27 = 0. అయిపోయింది.

నేను చాలా ఏళ్లు ఇలా చెప్పలేదు. ముందు వాలు కనుక్కోండి, తర్వాత బిందు-వాలు రూపంలో పెట్టండి అనేవాణ్ణి. అది తప్పు దారి కాదు, దాంతోనూ ఈ 27 దగ్గరికే వస్తాం. కానీ జవాబు పత్రాలు దిద్దుతుంటే −3/4 కాస్తా 3/4 అయిపోయేది. పిల్లలకు లెక్క రాక కాదు, భిన్నాన్ని అటూ ఇటూ తిప్పడంలో మైనస్ జారిపోయింది. ఆ మార్కులు పోవడానికి నేనే కారణమని ఇప్పటికీ బాధపడతాను. అందుకే ఈ దారి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంకోటి గమనించండి. బిందువు పెట్టగానే కే విలువ ఒక్కటే వచ్చింది, రెండు రాలేదు. రేఖకు బయట ఉన్న బిందువు గుండా దానికి సమాంతరంగా ఒకే ఒక్క రేఖ ఉంటుందన్న మాటను 1795లో జాన్ ప్లేఫెయిర్ తన రేఖాగణిత పుస్తకంలో స్వీకృతంగా, అంటే రుజువు అడక్కుండా ఒప్పుకునే మాటగా పెట్టాడు. ఆ మాట బీజగణితంలో ఇంత చిన్న కూడికగా కనిపించడం నాకు ఎన్నిసార్లు చూసినా ముచ్చటే.

సమాంతర రేఖలు కలవవంటాం కదా, కలిపి చూద్దాం. 3ఎక్స్ + 4వై = 27లోంచి 3ఎక్స్ + 4వై = 12 తీసేస్తే 0 = 15 వస్తుంది. అది ఎప్పటికీ నిజం కాదు. పదో తరగతిలో అసంగత సమీకరణాల జత అని చదివింది దీన్నే. ఆ 15ను పారేయకండి, రెండు రేఖల మధ్య దూరం దాంట్లోంచే వస్తుంది. 3, 4 వర్గాల మొత్తానికి వర్గమూలం 5. 15ను 5తో భాగిస్తే 3. రెండు రేఖల మధ్య దూరం సరిగ్గా 3 యూనిట్లు.

ఒక్క జాగ్రత్త. 6ఎక్స్ + 8వై − 24 = 0 వేరే రేఖలా కనిపిస్తుంది. 2తో భాగించండి, మన మొదటి రేఖే. దూరం కట్టే ముందు గుణకాలు, అంటే ఎక్స్, వైల ముందున్న సంఖ్యలు, రెండు సమీకరణాల్లోనూ ఒకటే అయ్యేట్టు చూసుకోవాలి.

ఎక్స్ = 4 లాంటి నిలువు గీతకు వాలు నిర్వచించలేం. అయినా స్థిరపదం మార్చే పద్ధతి ఆగదు. (7, 2) గుండా దానికి సమాంతర రేఖ ఎక్స్ = 7.

పొడవునా తోలాక రైతు అడ్డంగా మళ్లీ అచ్చు తోలతాడు, రెండు గీతలు కలిసిన చోట మొక్క పెడతాడు. మన చేలో అడ్డం గీతలు, అంటే మొదటి గీతలకు లంబంగా పోయేవి, 4ఎక్స్ − 3వై + కే = 0. మొక్క (5, 3) దగ్గర పెట్టాలి. కే ఎంతో వేయండి, వేసినవాళ్లు చెయ్యెత్తండి.