సదరంలో పర్సంటేజీ తగ్గిందా? పింఛను నోటీసు చేతికొస్తే ఏం చేయాలి

[దృశ్యం: పాత కుట్టుమిషను. యాభై అయిదేళ్ళావిడ కుడిచేత్తో చక్రం తిప్పుతోంది. కింద తొక్కే పలక ఖాళీగా ఉంది.]

మా మేనత్తకి రెండో ఏటే పోలియో వచ్చింది. ఎడమకాలు సన్నబడిపోయింది, కుడికాలి కన్నా పొట్టిగా ఉంటుంది. నడిచేటప్పుడు ఎడమచెయ్యి మోకాలి మీద ఆనించి ఒక్కో అడుగూ తోసుకుంటూ వేస్తుంది. మిషను తొక్కలేదు కాబట్టి చేత్తో తిప్పే చక్రం పెట్టించుకుంది. ముప్పై ఏళ్ళుగా మా వీధి ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆ మిషను మీద కుట్టినవే.

2025 ఆగస్టులో సచివాలయం నుంచి ఒకతను వచ్చి నోటీసు ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. పునఃపరిశీలనలో మీ వైకల్యం 35 శాతంగా తేలింది, 40కి తక్కువ కాబట్టి పింఛనుకు అర్హత లేదు, అని అందులో ఉంది. నేను చదివి చెప్పగానే అత్త అడిగిన మొదటి మాట: "ఒరేయ్, నా కాలేమైనా పెరిగిందట్రా?"

[దృశ్యం: నోటీసు దగ్గరగా. "35 శాతం" అన్న చోట వేలు.]

నమస్తే. అలాంటి కాగితం మీ ఇంటికీ వచ్చుంటే ఈ వీడియో మీ కోసమే. సదరం అంటే వైకల్యం ఎంత శాతమో ఆసుపత్రిలో పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి.

ముందు ఈ 40 ఎక్కడిదో చూద్దాం. మన దేశంలో దివ్యాంగుల హక్కుల చట్టం 2016 డిసెంబరులో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. దానికి ముందున్న 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. కొత్త చట్టం 21 రకాలను గుర్తిస్తుంది. తలసేమియా, సికిల్ సెల్, ఆటిజం, యాసిడ్ దాడి గాయాలు ఇందులోకి వచ్చాయి. అందులోనే 40 శాతం, ఆ పైన ఉన్నవాళ్ళని విడిగా ఒక వర్గం చేశారు. ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఆ గీతను బట్టే. మన పింఛన్లూ ఆ గీతను బట్టే.

ఆ గీతకి ఇప్పుడెంత విలువుందో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకి 3,000 నుంచి 6,000 అయింది. పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్ళకి 15,000. తెలంగాణలో 2023లో 3,016 నుంచి 4,016కి పెంచారు. కేంద్రం తన పథకంలో ఇచ్చేది మాత్రం నెలకి 300, అదీ 80 శాతం, ఆ పైన ఉన్న పేదలకే. అంటే ఆంధ్రాలో 39కీ 40కీ మధ్య తేడా ఏడాదికి 72,000 రూపాయలు. కూలీ చేసుకోలేని మనిషికి అది ఇల్లు గడిచే డబ్బు.

డబ్బు పెరిగింది, తనిఖీ కూడా పెరిగింది. ఆంధ్రాలో 2025 జనవరి నుంచి మళ్ళీ పరీక్షలు మొదలుపెట్టారు. ముందు 15,000 తీసుకునేవాళ్ళ ఇళ్ళకి డాక్టర్లు వెళ్ళారు, తర్వాత 6,000 తీసుకునేవాళ్ళని ఆసుపత్రులకి పిలిచారు. దొంగ సర్టిఫికెట్లు లేవని నేను అనను, ఉన్నాయి. మోసం చేసి లబ్ధి పొందితే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని చట్టంలో 91వ సెక్షన్ ఉంది. తనిఖీ చేయాల్సిందే. కానీ ఆ తనిఖీ మూడు నిమిషాల్లో అయిపోతే దెబ్బ తగిలేది నిజమైనవాళ్ళకే. బాధంతా అక్కడే ఉంది నాకు.

[దృశ్యం: ఆసుపత్రి వరండా. బెంచీల మీద చంకకర్రలు, మూడుచక్రాల బండ్లు, ఒళ్ళో పిల్లలతో తల్లులు.]

నోటీసు రాకముందు ఆ పరీక్షకి అత్తని నేనే తీసుకెళ్ళాను. పొద్దున ఏడింటికి వెళ్తే మధ్యాహ్నం రెండు దాటాక పిలిచారు. డాక్టరుగారు మంచం మీద పడుకోమన్నారు, మోకాలు వంచమన్నారు, పాదం తన చేతికి ఆనించి తొయ్యమన్నారు. రాసుకున్నారు. తర్వాతి మనిషిని పిలిచారు. అత్త నడక చూడలేదు. రెండు కాళ్ళ పొడవు కొలవలేదు.

ఆ కొలవకపోవడమే అసలు సంగతి. చేతులు, కాళ్ళ వైకల్యాన్ని అంచనా వేయడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. కీలు ఎంత వంగుతుంది, కండరానికి ఎంత బలం ఉంది, మనిషి నిలబడగలడా, మెట్లెక్కగలడా, వీటన్నిటికీ లెక్కలున్నాయి. కాలు పొట్టిదైతే దానికి విడిగా కలపాలి: మొదటి అర అంగుళానికి ఏమీ లేదు, ఆ తర్వాత ప్రతి అర అంగుళానికీ 4 శాతం. టేపు తియ్యకపోతే ఆ అంకె కాగితం మీదకి రాదు.

ఇంకో గందరగోళం కూడా చెప్తాను, చాలామంది నన్ను అడిగేది. "కంటికి 30, చెవికి 20 ఇచ్చారు, మొత్తం 50 కదా, 43 అని ఎందుకు వేశారు?" రెండు వైకల్యాలుంటే మామూలుగా కూడరు. 90లోంచి పెద్ద అంకె తీసేస్తారు, మిగిలినదాన్ని చిన్న అంకెతో హెచ్చవేసి 90తో భాగిస్తారు, వచ్చినదాన్ని పెద్ద అంకెకి కలుపుతారు. 30, 20 అయితే 43 వస్తుంది. అందులో తప్పు లేదు. కానీ రెండో వైకల్యాన్ని అసలు పరీక్షే చెయ్యకుండా 30 దగ్గర ఆపేస్తే మాత్రం తప్పే. మీ కాగితంలో అన్ని వైకల్యాలూ ఉన్నాయో లేదో చూసుకోండి.

[దృశ్యం: తెర మీద పెద్ద అక్షరాలు: 59వ సెక్షన్.]

ఇక నోటీసు వస్తే. ఈ నంబరు గుర్తుపెట్టుకోండి: 59. సర్టిఫికెట్ ఇచ్చే అధికారి నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కు చట్టంలో ఈ సెక్షనే ఇస్తోంది. ఆఫీసులో ఎవరో దయతలిచి ఇచ్చే అవకాశం అనుకోకండి. "ఒకసారి తగ్గించాక ఇంకేం చెయ్యలేం" అని కౌంటర్లో ఎవరన్నా అంటే ఈ నంబరు చెప్పండి. 2025లో నోటీసుల మీద గొడవ రేగాక ఆంధ్రా ప్రభుత్వం కూడా ఎంపీడీవో, మున్సిపల్ కమిషనర్ ఆఫీసుల్లో అప్పీళ్ళు తీసుకుంది.

అప్పీలుకి వెళ్ళేటప్పుడు నోటీసు జిరాక్సు, పాత సదరం సర్టిఫికెట్, కొత్త సర్టిఫికెట్, ఆధార్ పట్టుకెళ్ళండి. పాత ఆసుపత్రి చీటీలు, ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు బీరువాలో ఎక్కడున్నా తియ్యండి. అర్జీలో "నాకు అన్యాయం జరిగింది" అని రాసి ఊరుకోకండి. ఏ పరీక్ష చెయ్యలేదో రాయండి. మేం రాసింది మూడే ముక్కలు: కాళ్ళ పొడవు తేడా కొలవలేదు, నడక పరీక్షించలేదు, మళ్ళీ పరీక్ష చేయించండి. గడువు నోటీసులోనే ఉంటుంది, దాటనివ్వకండి. అర్జీ ఇచ్చాక రసీదు తీసుకోకుండా మాత్రం అక్కణ్ణించి కదలకండి.

అక్కడ పని కాకపోతే సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో దాన్నే ప్రజావాణి అంటారు. దివ్యాంగుల హక్కుల కోసం ప్రతి రాష్ట్రానికీ ఒక కమిషనర్ ఉండాలని చట్టం చెప్తోంది, ఫిర్యాదు విచారించేటప్పుడు ఆ కమిషనర్‌కి సివిల్ కోర్టు అధికారాలుంటాయి. కోర్టుకే వెళ్ళాల్సొస్తే లాయరు ఫీజు గురించి భయపడకండి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం దివ్యాంగులకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం అందాలి. జిల్లా కోర్టులోనే ఆ ఆఫీసు ఉంటుంది. ఫోను చెయ్యాలంటే 15100.

సర్టిఫికెట్ మీద ఇంకోటి చూడండి: తాత్కాలికమా, శాశ్వతమా. మారే అవకాశం లేని వైకల్యానికి శాశ్వత సర్టిఫికెట్ ఇవ్వాలి. చిన్నప్పటి పోలియోకి, తెగిపోయిన కాలికి గడువు తేదీ వేస్తే అడగండి.

యూడీఐడీ కార్డు, అంటే కేంద్రం దివ్యాంగులకి ఇచ్చే గుర్తింపు కార్డు, దాని గురించి కొంచెం. 2021 జూన్ 1 నుంచి దేశమంతా వైకల్య సర్టిఫికెట్లు యూడీఐడీ పోర్టల్ ద్వారానే ఇవ్వాలని కేంద్రం చెప్పింది. 2025లో తెలంగాణ సదరం నుంచి అటే మారింది. 2024 అక్టోబరులో నిబంధనలు మార్చి కార్డుకి మూడు రంగులు పెట్టారు: 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. అదే సవరణలో సర్టిఫికెట్ ఇచ్చే గడువును నెల నుంచి మూడు నెలలకి పెంచారు. ఇది నాకు నచ్చలేదు. పింఛను ఆగిన ఇంట్లో మూడు నెలలంటే అప్పు.

[దృశ్యం: ఫోను తెర మీద ముఖం పట్టే గుండ్రటి గీత. "కళ్ళార్పండి" అని వస్తోంది.]

కోర్టుల వైపు నుంచి ఒక మంచి మాట ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివాళ్ళు వేసిన కేసుల్లో తీర్పిచ్చింది. కేవైసీకి, అంటే బ్యాంకులాంటి చోట్ల మనం ఎవరమో రుజువు చేసుకునే తనిఖీకి, కళ్ళార్పమంటే, కనురెప్పలే కాలిపోయిన మనిషి ఏం చెయ్యాలి? డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పింది, కేవైసీ పద్ధతి మార్చమని 20 ఆదేశాలిచ్చింది. వేలిముద్ర పడటం లేదనో, ముఖం పట్టడం లేదనో మిమ్మల్ని వెనక్కి పంపితే వేరే పద్ధతి చూపించమని అడగండి. ఈ తీర్పు మీ వెనకుంది.

[దృశ్యం: మళ్ళీ ఆసుపత్రి. బల్ల మీద దర్జీ టేపు.]

అత్తకి రెండో పరీక్ష వేరే ఆసుపత్రిలో పడింది. ఈసారి ఒక లేడీ డాక్టరుగారు. గది ఈ చివర నుంచి ఆ చివరకి నడవమన్నారు. తర్వాత పడుకోబెట్టి తుంటి ఎముక నుంచి చీలమండ దాకా కొలవబోతే ఆ గదిలో టేపు దొరకలేదు. అత్త సంచిలోంచి తన టేపు తీసి ఇచ్చింది. ఏ కొలత రాస్తున్నారో తనే తల తిప్పి చూసింది. తేడా రెండంగుళాలు.

కొత్త సర్టిఫికెట్లో 47 అని వచ్చింది, శాశ్వతం అన్నచోట టిక్కు పెట్టారు. ఇంటికొచ్చాక ఆ కాగితాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుని, మిషను సొరుగులో దారపు ఉండల కింద పెట్టింది.