వేషం విప్పిన రోజు

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక వీడియో గురించి చెబుతాను. 2021 ఫిబ్రవరి 22, సోమవారం నాడు ఎనిమిది నిమిషాల వీడియో ఒకటి యూట్యూబ్‌లో వచ్చింది. అంతా ఎడారి. తోలు జాకెట్లు వేసుకుని, తలకు మెరిసే హెల్మెట్లు పెట్టుకుని ఇద్దరు నడుస్తున్నారు. మాట లేదు, పాట లేదు. గాలి చప్పుడు, అడుగుల చప్పుడు, అంతే. కొంతదూరం పోయాక ఒకడు ఆగిపోతాడు. రెండోవాడు చూసుకుని వెనక్కి వస్తాడు. ఆగినవాడు జాకెట్ విప్పి వీపు చూపిస్తాడు. వీపు మీద స్విచ్ ఉంటుంది. దాన్ని స్నేహితుడే నొక్కాలి. నొక్కుతాడు. స్విచ్ పడ్డవాడు ఎడారిలోకి నడుచుకుంటూ వెళ్లి పేలిపోతాడు. తర్వాత తెర మీద 1993–2021 అని పడుతుంది.

డాఫ్ట్ పంక్ అనే ఫ్రెంచి ఎలక్ట్రానిక్ సంగీత జంట విడిపోయిన సంగతి లోకానికి తెలిసింది ఇలాగే. ప్రెస్ మీట్ లేదు, ఉత్తరం లేదు. వాళ్ల ప్రతినిధి నిజమేనని చెప్పారు, కారణం మాత్రం చెప్పలేదు. ఆ రాత్రి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, అయిపోయిందా?" అన్నాడు. అంతే, ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. కాలేజీ రోజుల్లో ఒకే ఇయర్‌ఫోన్‌ని చెరో చెవికీ పెట్టుకుని వాళ్ల పాటలు విన్నవాళ్లం మేము.

అందరూ "ఎందుకు విడిపోయారు?" అని అడుగుతారు. నాకైతే ఇరవై ఎనిమిదేళ్లు కలిసి ఎలా ఉండగలిగారు అన్నదే పెద్ద ప్రశ్న. అక్కణ్నుంచే మొదలుపెడతాను.

1987లో పారిస్‌లోని లిసే కార్నో అనే బడిలో ఇద్దరు పిల్లలు కలిశారు. తోమా బాంగాల్తేర్‌కి పన్నెండేళ్లు, గీ-మాన్యుయెల్ ద ఓమెమ్-క్రిస్తోకి పదమూడు. తోమా వాళ్ల నాన్న డేనియల్ వాంగార్డ్ పాటల రచయిత, నిర్మాత. ఓటవాన్ పాడిన "డి.ఐ.ఎస్.సి.ఓ." వెనక ఉన్నది ఆయనే. వాళ్లమ్మ బ్యాలే నర్తకి. ఈ అమ్మ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

వాళ్లిద్దరినీ కలిపింది సంగీతం ఒక్కటే కాదు, సినిమా కూడా. 1974లో బ్రయాన్ డి పామా తీసిన "ఫాంటమ్ ఆఫ్ ది పారడైజ్" అనే సినిమాని వాళ్లు కలిసి ఇరవైసార్లకు పైగా చూశారట. మనవాళ్లు కూడా నచ్చిన సినిమాను అన్నిసార్లు చూసినవాళ్లే కాబట్టి ఆ పిచ్చి మనకు కొత్తేమీ కాదు. అందులో ఒక అమాయకుడైన సంగీతకారుడు ఉంటాడు. అతని పాటల్ని ఒక పెద్ద నిర్మాత కొట్టేస్తాడు. రికార్డులు అచ్చొత్తే యంత్రంలో పడి ఆ కళాకారుడి ముఖం పాడైపోతుంది. ఆ తర్వాత వెండిరంగు ముసుగు తొడుక్కుని తిరుగుతాడు. నిర్మాత అతని చేత కాంట్రాక్టు మీద నెత్తుటితో సంతకం పెట్టించుకుంటాడు. ఆ నిర్మాత వేషం వేసింది, ఆ సినిమాకు పాటలు రాసి స్వరం కట్టింది పాల్ విలియమ్స్. ఈ పేరు కూడా గుర్తుంచుకోండి.

ముసుగు, కాంట్రాక్టు. ఈ రెండు మాటలూ డాఫ్ట్ పంక్ కథ పొడవునా కనిపిస్తాయి. చిన్నప్పుడు చూసిన సినిమా వాళ్లకు రెండు పాఠాలు నేర్పిందని నా నమ్మకం. ముఖం దాచుకోవచ్చు, పాట మీద హక్కు మాత్రం ఎవరికీ రాసివ్వకూడదు.

మొదట వాళ్లు గిటార్ బ్యాండు పెట్టారు. పేరు డార్లిన్. మూడోవాడు లోరాన్ బ్రాంకోవిట్జ్, తర్వాత ఫీనిక్స్ బ్యాండులో పేరు తెచ్చుకున్నాడు. 1993లో మెలొడీ మేకర్ అనే బ్రిటిష్ పత్రిక వాళ్ల పాటల్ని సమీక్షిస్తూ, ఇదేదో "డాఫ్ట్ పంకీ" గోల, అంటే తిక్క పంక్ గోల, అన్న అర్థం వచ్చేలా నాలుగు మాటలు రాసి తీసిపారేసింది. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల కుర్రాళ్లు అలాంటి మాట చదివితే ఏం చేస్తారు? చాలామంది గిటార్ అటకెక్కిస్తారు. వీళ్లు ఆ తిట్టునే పేరుగా పెట్టుకున్నారు.

బ్యాండు పోయింది, గిటార్ల చోట డ్రమ్ మెషీన్లు, సింథసైజర్లు వచ్చాయి. అదే ఏడాది యూరో డిస్నీలో జరిగిన ఒక రేవ్ పార్టీలో, గ్లాస్గోలోని సోమా అనే చిన్న రికార్డు కంపెనీకి చెందినతనికి తమ టేపు ఇచ్చారు. 1994లో మొదటి సింగిల్, 1995లో "డా ఫంక్" వచ్చాయి. దాంతో పెద్ద కంపెనీలు వెంటపడ్డాయి. వాళ్లు 1996లో వర్జిన్ అనే రికార్డు కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు, కానీ తమ షరతుల మీద. పాటల మీద హక్కు తమ సొంత నిర్మాణ సంస్థ దగ్గరే ఉంచుకుని, కంపెనీకి లైసెన్స్ మాత్రం ఇచ్చారు. ముఖాలు చూపించి ప్రచారం మాత్రం చెయ్యం అన్నారు. అప్పటికి వాళ్ల వయసు ఇరవై ఒకటి, ఇరవై రెండు. ఆ వయసులో అంత పెద్ద కంపెనీ ముందు కూర్చుని ఇది ఇస్తాం, ఇది ఇవ్వం అని చెప్పగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

1997 జనవరిలో మొదటి ఆల్బమ్ "హోమ్‌వర్క్" వచ్చింది. తోమా పడకగదిలో చేసిన పని కాబట్టే ఆ పేరు.

ఆ ఆల్బమ్‌లోని "అరౌండ్ ది వరల్డ్" గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి. ఆ పాటలో ఉన్నవి మూడే మాటలు. ఆల్బమ్ వెర్షన్‌లో ఆ మూడు మాటలూ 144 సార్లు వస్తాయి. కాగితం మీద చూస్తే ఇదేం పాట అనిపిస్తుంది. మనం భజనలు విన్నవాళ్లం. ఒకే నామం తిరిగి తిరిగి వస్తుంటే కాసేపటికి మాట మాయమై నాదం మాత్రమే మిగులుతుంది. ఆ అనుభవం తెలిసినవాళ్లకి ఈ పాట అర్థం కావడం కష్టం కాదు. కింద బేస్ స్వరాల వరుస ఒక్కోసారి పైకి ఎక్కుతుంది, మెట్టు మెట్టుగా దిగుతుంది. మిషెల్ గోండ్రీ దీనికి తీసిన వీడియో చూడండి. గుండ్రటి వేదిక మీద ఐదు గుంపులు ఉంటాయి. మెట్లెక్కి దిగే పొడుగాటి ఆటగాళ్లు బేస్, మమ్మీలు డ్రమ్స్, అస్థిపంజరాలు గిటార్, ఈత దుస్తుల అమ్మాయిలు కీబోర్డు, రోబోలు గొంతు. ఏ వాద్యం మోగితే ఆ గుంపే కదులుతుంది. సంగీతం రాని మా మేనకోడలికి ఆరేళ్ల వయసులో ఆ వీడియో చూపించాను. రెండోసారి చూసేటప్పటికే "మామయ్యా, ఇప్పుడు మమ్మీల వంతు" అని ముందే చెప్పేసింది. పాటలో ఎన్ని పొరలున్నాయో, ఏ పొర ఎప్పుడు వస్తుందో దానికి ఎవరూ పాఠం చెప్పలేదు.

ఇక్కడ ఒక మాట. ఫ్రాన్స్‌లో 1996 నుంచి రేడియోల్లో 40 శాతం పాటలు ఫ్రెంచి భాషలోవే ఉండాలని చట్టం. భాష మీద వాళ్లకున్న పట్టింపు అలాంటిది. సరిగ్గా ఆ రోజుల్లోనే కసియస్, ఎయిర్, ఎటియెన్ ద క్రెసీ లాంటివాళ్లతో కలిసి డాఫ్ట్ పంక్ పారిస్ సంగీతాన్ని ప్రపంచమంతా తిప్పింది. పాటల్లో మాటలు ఇంగ్లీషు, అవీ నాలుగైదే. ఆ కొత్త ధోరణికి ఫ్రెంచ్ టచ్ అని పేరు వచ్చింది. 2017 జూలై 14న, బాస్తీల్ దినోత్సవ పరేడ్‌లో, దేశాధ్యక్షుడి ముందు ఫ్రెంచి సైనిక బ్యాండు వాయించింది వీళ్ల పాటలే. ఇరవై ఏళ్లలో పడకగది నుంచి జాతీయ పండుగ దాకా నడిచిన పాటలు అవి.

2001లో "డిస్కవరీ" వచ్చింది. దాంతోనే రోబోలూ వచ్చారు. 1999 సెప్టెంబరు 9న ఉదయం 9 గంటల 9 నిమిషాలకు స్టూడియోలో సాంప్లర్ (పాటల ముక్కల్ని పట్టి వాయించే యంత్రం) పేలిందని, కళ్లు తెరిచి చూసుకుంటే తాము రోబోలమైపోయామని కథ చెప్పారు. ఒకరికి వెండిరంగు హెల్మెట్, ఇంకొకరికి బంగారు రంగు. మన ఊళ్లలో పగటివేషగాళ్లు వేషం కట్టారంటే ఊరు దాటేదాకా ఆ పాత్రలోనే ఉండేవారని పెద్దలు చెప్పగా విన్నాను. వీళ్లు ఇరవై ఏళ్లు అలాగే ఉన్నారు. వేదిక మీద ముఖం చూపించలేదు, అవార్డు తీసుకునేటప్పుడూ చూపించలేదు. అందుకే వీధిలో నడిచి వెళ్తుంటే వాళ్లను ఎవరూ గుర్తుపట్టరు. పేరు వచ్చాక కూడా మామూలు మనిషిలా కూరగాయలు కొనుక్కోగలిగే అదృష్టం ఎంతమందికి ఉంటుంది?

"వన్ మోర్ టైమ్" ఆ ఆల్బమ్‌లోదే. దాని పునాది 1979లో ఎడీ జాన్స్ పాడిన పాటలోని ఒక చిన్న ముక్క అని అభిమానులు చాలాకాలం క్రితమే పట్టుకున్నారు. 2021లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక ఆయన్ను వెతికి పట్టుకుని రాసింది. ఆ గాయకుడు ఏళ్ల తరబడి ఇల్లు లేకుండా గడిపాడని, ప్రపంచమంతా గెంతిన ఆ పాట నుంచి ఆయనకు డబ్బు ముట్టలేదని. హక్కులు ఆయన దగ్గర లేవు, వేరే కంపెనీ దగ్గర ఉన్నాయి. తమ హక్కుల్ని అంత జాగ్రత్తగా కాపాడుకున్న ఇద్దరి పాట కిందే ఇలాంటి మనిషి ఉన్నాడు. అభిమానిగా ఈ భాగాన్ని దాటేసి వెళ్లాలని ఉంటుంది కానీ, దాటేస్తే ఆ మనిషికి మళ్లీ అన్యాయం చేసినట్టే.

2005లో వచ్చిన "హ్యూమన్ ఆఫ్టర్ ఆల్" ఆరు వారాల్లో చేసిన ఆల్బమ్. చాలామందికి నచ్చలేదు. నాకూ సగమే నచ్చింది. ఆ పాటలకు అసలు ప్రాణం 2006 ఏప్రిల్‌లో వచ్చింది. కాలిఫోర్నియా ఎడారిలో జరిగే కోచెల్లా ఉత్సవంలో, వెలుగుల పిరమిడ్ లోపల కూర్చుని మూడు ఆల్బమ్‌లనీ ఒకదానిలో ఒకటి కలిపి వాయించారు. మరుసటి ఏడాది ప్రపంచమంతా తిరిగారు. 2007 డిసెంబరులో ఆ టూర్ ముగిశాక వాళ్లు మళ్లీ టూర్‌కు వెళ్లలేదు. ఒక్కసారి కూడా. ఎంత డబ్బు వచ్చేదో మీరే ఊహించుకోండి.

2010లో "ట్రాన్: లెగసీ" సినిమాకి ఆర్కెస్ట్రాతో సంగీతం చేశారు. అక్కడ అసలైన వాద్యకారులతో పనిచెయ్యడం అలవాటైంది. దాని ఫలితమే 2013 నాటి "రాండమ్ యాక్సెస్ మెమరీస్". ప్రపంచమంతా ల్యాప్‌టాప్‌లతో పాటలు చేస్తున్న కాలంలో, రోబో వేషగాళ్లు వెనక్కి తిరిగి మనుషుల దగ్గరికి వెళ్లారు. నైల్ రోడ్జర్స్ గిటార్, ఒమర్ హకీమ్ డ్రమ్స్, నేథన్ ఈస్ట్ బేస్.

డిస్కో పితామహుల్లో ఒకరైన జార్జియో మొరోడర్‌ని పిలిచి, నీ కథ చెప్పమన్నారు. ఆయన స్టూడియోకి వెళ్తే మూడు మైకులు పెట్టి ఉన్నాయి. ఇదెందుకు, ఒకటి పాడైతే ఇంకొకటనా అని అడిగారట. కాదు, ఒకటి అరవైల నాటిది, ఒకటి డెబ్బైల నాటిది, ఒకటి ఇప్పటిది, మీరు ఏ కాలం గురించి చెబుతుంటే ఆ కాలపు మైకు వాడతాం అన్నాడు ఇంజనీరు. ఆ తేడా ఎవరికి తెలుస్తుంది అంటే, ఎవరికీ తెలియదు, వాళ్లిద్దరికీ తెలుస్తుంది అన్నాడట. ఆయన కథతో చేసిన ఆ తొమ్మిది నిమిషాల పాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ తేడా నాకు ఇప్పటికీ వినపడలేదు. అయినా ఆ మూడు మైకులూ ఉన్నాయన్న సంగతి తెలిశాక, పాటని వినే తీరు మారిపోయింది.

2014 జనవరిలో ఆ ఆల్బమ్‌కి ఐదు గ్రామీలు వచ్చాయి. ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ కూడా వాటిలో ఉంది. రోబోలు మాట్లాడరు కాబట్టి వాళ్ల తరఫున మైకు ముందుకు వచ్చి మాట్లాడింది పాల్ విలియమ్స్. చిన్నప్పుడు పారిస్‌లో ఇరవైసార్లు తెర మీద చూసిన మనిషి. ఆ ఆల్బమ్‌లో "టచ్" అనే పాట పాడింది కూడా ఆయనే. ఇద్దరు పిల్లలు తమ అభిమాన నటుణ్ని పక్కన నిలబెట్టుకుని, ఆయన సినిమాలోని ముసుగులాంటిదే తొడుక్కుని, అవార్డు పట్టుకుని నిలబడ్డారు. ఆ దృశ్యం తలుచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

తర్వాత ది వీకెండ్ అనే గాయకుడితో "స్టార్‌బాయ్" చేశారు. 2017 గ్రామీ వేదిక మీద అతనితో కలిసి కనిపించారు. ఆ తర్వాత నాలుగేళ్లు మౌనం. ఆ మౌనం చివర నేను మొదట చెప్పిన వీడియో.

ఇక విడిపోవడం గురించి. మన రాజ్-కోటి తొంభైల మధ్యలో విడిపోయినప్పుడు ఎన్ని కథలు విన్నామో గుర్తుందా? ఒకరు టి.వి. రాజు గారబ్బాయి, ఒకరు సాలూరి రాజేశ్వరరావు గారబ్బాయి. టీ కొట్టు దగ్గర ప్రతివాడికీ ఒక కారణం తెలుసు. డాఫ్ట్ పంక్ విషయంలోనూ అంతే జరిగింది, ఇంటర్నెట్ కాబట్టి వెయ్యి రెట్లు. నేను ఆ ఊహల జోలికి పోను. వాళ్లే చెప్పినంతవరకూ చెబుతాను.

రెండేళ్ల తర్వాత, 2023లో తోమా ముసుగు లేకుండా మాట్లాడాడు. వెనక్కి తిరిగి చూసుకుంటే పెద్దగా పాడుచెయ్యలేదు కదా అన్న నిశ్చింత ఉందన్నాడు. ఆ పాత్ర అంటే ఎంత ఇష్టమున్నా, ఇప్పటి ప్రపంచంలో తాను రోబోగా మాత్రం ఉండదలచుకోలేదన్నాడు. ఆలోచించండి. 1999లో రోబో వేషం కట్టడం అంటే భవిష్యత్తు మీద ఒక కల. 2023 నాటికి యంత్రాలే పాటలు అల్లుతున్నాయి. వేషం అదే, చుట్టూ ఊరు మారిపోయింది. వేషగాడికి అది అందరికంటే ముందు తెలిసినట్టుంది. ఇరవై ఎనిమిదేళ్లలో వాళ్లు ఇచ్చినవి నాలుగు స్టూడియో ఆల్బమ్‌లే. ప్రతిదానికీ వద్దు అనడం నేర్చినవాళ్లు, చివరికి తమ పేరుకే వద్దు అన్నారు.

విడిపోయాక తోమా చేసిన మొదటి పెద్ద పని బ్యాలే. "మిథాలజీస్" పేరుతో ఆర్కెస్ట్రాకి సంగీతం రాశాడు. ఎలక్ట్రానిక్ వాద్యం ఒక్కటీ లేదు. 2022లో బోర్డో నగరంలో మొదటి ప్రదర్శన జరిగింది. వాళ్లమ్మ నర్తకి అని చెప్పాను కదా. గీ-మాన్యుయెల్ బయట మాట్లాడటం చాలా అరుదు, ముందూ అంతే. ఆయన మౌనాన్ని ఆయనకే వదిలేద్దాం.

ఆ వీడియోలో పేలుడు తర్వాత ఏం జరుగుతుందో ఇందాక చెప్పలేదు. వెండి చెయ్యి ఒకటి, బంగారు చెయ్యి ఒకటి కలిసి త్రికోణంగా నిలుస్తాయి. మిగిలినవాడు వెలుగు వైపు ఒంటరిగా నడుస్తాడు. అప్పుడు మొదటిసారి సంగీతం వస్తుంది. "టచ్" పాటలోని బృందగానం అది, పాల్ విలియమ్స్ పాడిన ఆ పాటే.

ఆ పాట మొత్తం ఎనిమిది నిమిషాల పైచిలుకు ఉంటుంది. లైట్లు కాస్త తగ్గించమని నిర్వాహకులను కోరుతున్నాను. పాట పెట్టి, నేనూ కింద మీ పక్కనే కూర్చుని వింటాను.