నొప్పికి తేదీ ఉందా?

వేదిక మీదున్న పెద్దలకు, పీడీ, పీఈటీ మాస్టర్లకు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు, ముందు వరసలో నేల మీద కూర్చున్న మీ అందరికీ నమస్కారం.

నేను ఫిజియోథెరపిస్టుని. ఎవరైనా కుంటుకుంటూ వస్తే ముందు ఒకటే అడుగుతాను: "ఎప్పటి నుంచి?" కొందరు ఠక్కున చెప్పేస్తారు. "ఆదివారం మ్యాచ్‌లో, సెకండాఫ్ మొదలవగానే సార్." ఇంకొందరు తల గోక్కుంటారు. "దసరా ముందు నుంచేమో... వానల్లోనే కొంచెం ఉండేదనుకుంటా." తేదీ చెప్పగలిగిన గాయం ఒక్క దెబ్బతో వచ్చినది. తేదీ దొరకనిది రోజూ కొంచెం కొంచెంగా తయారైనది. మొదటిదానికి మైదానమంతా పరిగెత్తుకొస్తుంది. రెండోదాన్ని ఇంట్లోవాళ్లు కూడా ఒక పట్టాన నమ్మరు.

మన హైదరాబాద్ బ్యాడ్మింటన్‌లోనే రెండూ ఉన్నాయి. 1994లో పుణేలో జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా పుల్లెల గోపీచంద్ మోకాలి లిగమెంట్, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ, తెగింది. ఆపరేషన్లు చేయించుకుని, ఏడేళ్ల తర్వాత 2001లో బర్మింగ్‌హామ్‌లో చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచారు. అదే బర్మింగ్‌హామ్‌లో 2022 ఆగస్టులో పీవీ సింధు కాలి నొప్పితోనే కామన్వెల్త్ స్వర్ణం గెలిచారు. తర్వాత చూస్తే ఎడమ కాలిలో స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదే పదే పడిన భారానికి ఎముక చిట్లడం. ఆ నెలలోనే జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ వదులుకున్నారు. మళ్లీ పోటీకి దిగింది 2023 జనవరిలో.

ముందు దెబ్బల సంగతి. మన ఊళ్లలో ఎక్కువగా చూసేది కబడ్డీ మోకాలు. రైడర్ కూత పెట్టి లోపలికెళ్లి, వెనక్కి తిరిగే క్షణంలో పాదం నేలకు పాతుకుపోతుంది, ఒళ్లు తిరుగుతుంది. లోపల "టప్" అంటుంది. చాలాసార్లు అవతలివాడి చెయ్యి కూడా తగిలి ఉండదు. కొన్ని గంటల్లో మోకాలు గుమ్మడికాయలా వాస్తుంది. అది ఏసీఎల్ అనే లోపలి లిగమెంట్ తెగిన మోకాలని అనుమానించాల్సిందే. అసలు ప్రమాదం మూడు వారాల తర్వాత వస్తుంది. వాపు తగ్గి కుర్రాడు మామూలుగా నడుస్తుంటాడు. తగ్గిపోయిందనుకుని మళ్లీ కోర్టులోకి దిగుతాడు. మోకాలు జారుతుంది, ఈసారి లోపలి గుజ్జు కూడా చిరుగుతుంది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఆటలోకి రావడానికి కనీసం తొమ్మిది నెలలు పడుతుంది. ఆ మాట విని బాధపడని తండ్రిని నేను చూడలేదు. అయినా ఆరు నెలలకే పంపండని ఎవరడిగినా నేను ఒప్పుకోను.

కాలు మడత పడితే, కండ పట్టేస్తే మొదటి రెండు మూడు రోజులు నూనె మర్దన వద్దు, వేడి కాపడం వద్దు. తొడకు గట్టి దెబ్బ తగిలిన చోట బలంగా రుద్దితే ఒక్కోసారి ఆ కండలోనే ఎముక పెరుగుతుంది. గుడ్డలో చుట్టిన ఐస్ పదిహేను నిమిషాలు పెట్టండి, క్రేప్ బ్యాండేజ్ చుట్టండి, కాలు ఎత్తులో పెట్టండి. ఐస్ నొప్పికి బాగా పనిచేస్తుంది, అంతవరకే. 1978లో ఆ సలహాను ప్రచారంలోకి తెచ్చిన గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టరే, ఐస్ వల్ల మానడం ఆలస్యం కావచ్చని తర్వాత రాశారు. నాలుగడుగులు కూడా వేయలేకపోతే, చీలమండ పక్కన పొడుచుకొచ్చే ఎముక వెనకంచు నొక్కినప్పుడు విలవిల్లాడితే, ఎక్స్‌రే తీయించాల్సిందే. పెద్దవాళ్లు కట్టు అనగానే పుత్తూరు పేరు చెబుతారు. ఆ నమ్మకంతో నేను వాదన పెట్టుకోను. ఏ కట్టు కట్టించినా ముందు ఎక్స్‌రే తీయించండి, చాలు.

తలకు దెబ్బ తగిలితే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. "బాగానే ఉన్నాను సార్" అన్నా బెంచీ మీద కూర్చోబెట్టండి. వాంతులు, మగత, పెరిగే తలనొప్పి ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అంతర్జాతీయ క్రికెట్లోనే 2019 నుంచి అలాంటి ఆటగాడి బదులు ఇంకొకరిని దింపనిస్తున్నారు. మన స్కూల్ మ్యాచ్‌లో ఎందుకు కుదరదు?

ఇక తేదీ లేని గాయాలు. ఈ మైదానంలో పొద్దున నాలుగున్నరకే పరిగెత్తేవాళ్లు ఎంతోమంది ఉన్నారు, నాకు తెలుసు. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఈవెంట్స్, 1600 మీటర్ల పరుగు. ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చిన మర్నాడే మొదలవుతుంది. అంతవరకు రూంలో కూర్చుని చదివిన కుర్రాడు ఒక్కసారిగా రోజుకి ఆరేడు కిలోమీటర్లు, అదీ సీసీ రోడ్డు మీద, అట్టలా పలచబడ్డ బూట్లతో పరిగెత్తుతాడు. మూడో వారంలో ముంగాలు, అంటే మోకాలికీ చీలమండకీ మధ్య ముందువైపు ఎముక, సలపడం మొదలవుతుంది.

ఎందుకు మూడో వారమే? ఎముక కొత్త భారానికి తట్టుకోవాలంటే ముందు పాతదాన్ని తవ్వుకుంటుంది, తర్వాత కొత్తది పోసుకుంటుంది. తవ్వే పని వారాల్లో అయిపోతుంది, పోసే పనికి నెలలు కావాలి. తవ్విన రోడ్డు మీద రోజూ లారీలు నడిపితే ఏమవుతుందో మనందరం చూశాం.

ఇంట్లో మీరే చూసుకోగలిగిన పరీక్ష ఒకటుంది. నొప్పి ఎక్కడో చూపించమంటే అరచేత్తో ముంగాలంతా నిమిరితే చాలావరకు ఎముక మీది పొర సమస్య, పరుగు తగ్గిస్తే సర్దుకుంటుంది. ఒక్క వేలితో ఒక్క చోట పెట్టి "ఇక్కడే" అంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, ఎముక చిట్లిందని అనుమానించాలి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. ఎమ్మారైలో కనిపిస్తుంది.

కొన్నేళ్ల కిందట ఒక అబ్బాయి ఈవెంట్స్‌కి రెండు వారాల ముందు వచ్చాడు. ఒక్క వేలితోనే చూపించాడు. ఎక్స్‌రే క్లీన్‌గా ఉంది. పరిగెత్తొద్దన్నాను. "ఇదే లాస్ట్ ఛాన్స్ సార్, ఏజ్ అయిపోతుంది" అన్నాడు. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తాడు. మూడో రౌండ్‌లో ముంగాలి పెద్దెముక విరిగి ట్రాక్ మీద పడిపోయాడు. ఆ రోజు వాళ్ల నాన్నకి ఫోన్ చేసి ఉండాల్సింది. ఆ విషయం నన్ను ఇప్పటికీ వదల్లేదు. మాత్ర నొప్పిని ఆపుతుంది, పగుల్ని ఆపదు. మీలో ఎవరైనా ఆ పని చేస్తుంటే దయచేసి ఈ రోజే నాతో మాట్లాడండి.

అమ్మాయిల తల్లులకు ఒక మాట, మొహమాటం లేకుండా చెబుతాను. ప్రాక్టీస్ పెరిగి, తిండి తగ్గి, మూడు నెలలుగా పీరియడ్స్ రాకపోతే "ఆటలాడే పిల్ల కదా" అని ఊరుకోవద్దు. ఎముకలు పలచబడుతున్నాయేమో చూపించుకోవాలి. తిండి సరిపోని ఒంట్లో ఎముక త్వరగా చిట్లుతుంది.

పదేళ్ల నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో మోకాలి చిప్ప కింద బుడిపెలా లేచి నొప్పి పెడితే భయపడక్కర్లేదు, ఎదిగే వయసులో వస్తుంది, దూకుళ్లు తగ్గిస్తే చాలావరకు తగ్గుతుంది. ఫాస్ట్ బౌలింగ్ పిల్లల నడుము నొప్పిని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. స్కూల్ టీమ్‌కి బౌలింగ్ వేసేదీ వాడే, అకాడమీకీ వాడే, ఆదివారం వీధి మ్యాచ్‌కీ వాడే. ముగ్గురు కోచ్‌లకూ వాళ్ల ఓవర్లే తెలుసు, మొత్తం ఎవరికీ తెలియదు. మాస్టర్లూ, ఒక ఇరవై రూపాయల నోట్‌బుక్ పెట్టి ఆ లెక్క రాయించండి. నొప్పికి తేదీ దొరకనప్పుడు నేను వెతికేది ఆ నోట్‌బుక్కే.

వార్మప్ గురించి చెప్పడం కంటే చేయించడం మేలు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ అమ్మాయిల చేత ఇరవై నిమిషాల వార్మప్ చేయించి చూశారు. 2008లో ఫలితాలు వచ్చాయి: గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి, అతిగా ఆడడం వల్ల వచ్చేవైతే సగం వరకు తగ్గాయి. పరికరాలేమీ అక్కర్లేదు. అలాంటిది ఒకటి ఇప్పుడే నేర్చుకుందాం. ముందు వరసవాళ్లు లేవండి. ఒంటికాలి మీద నిలబడి ముందుకి ఒక్క గెంతు. దిగేటప్పుడు మోకాలు కొంచెం వంగాలి, లోపలికి పడిపోకూడదు, పాదం ఎటు చూస్తే అటే చూడాలి. శబ్దం రాకుండా దిగాలి. మాస్టర్లూ, మీరు పక్కన నిలబడి ఎవరి మోకాలు లోపలికి పడుతోందో చూసి పేర్లు రాసుకోండి. ముందు ఎడమ కాలు.